పన్నెండో కార్డు

అలబామా,
మార్చి 8, 2009

చిరంజీవి ఉమకు,

నువ్వు వెళ్లి వారమైంది. ఫ్రీజర్‌లో పెట్టిన పప్పు, కూర డబ్బాలను మీద రాసిన తేదీల ప్రకారమే తింటున్నాను. ఒకటి రెండు రోజులు ఆకలి లేకపోయినా తేదీ తప్పలేదు. ఫోన్‌లో నాకు మాటలు రావని నీకు తెలుసు. మీ అక్క నీకు ఉత్తరాలు రాసేది కాబట్టి నేనూ రాస్తున్నాను.

శుక్రవారం లైబ్రరీ నుంచి కారల్ వచ్చింది. గిరిజ కుర్చీలో ఇప్పుడు ఆవిడే. గిరిజ డ్రాయర్‌లో దొరికిన ఫోల్డర్ ఒకటి ఇచ్చి వెళ్లింది. వసంతంలో ఒకటి, ఆకులు రాలే కాలంలో ఒకటి చొప్పున గిరిజ ఇక్కడి కౌంటీ వీక్లీ పత్రికలో వేసే జాబితా అది. అమెరికా దక్షిణాది రచయితలు రాసినవీ, ఈ దక్షిణాది బతుకు మీద వచ్చినవీ కొత్త పుస్తకాలు, ఒక్కోదానికి చిన్న పరిచయం. ఇరవై రెండేళ్లు వేసింది. అచ్చుకు పంపే ముందు ప్రతిసారీ నాకు చూపించేది. నేను కామాలు సరిచేసేవాణ్ని. ఆ పుస్తకాల్లో ఒక్కటీ చదవలేదు. వేరుశనగ పొలాల మట్టి పరీక్షలకే నా చదువంతా సరిపోయింది.

ఈసారి ఫోల్డర్‌లో పుస్తకానికొకటి చొప్పున పన్నెండు కార్డులున్నాయి. పదకొండు పూర్తయ్యాయి. పన్నెండో దాని మీద పుస్తకం పేరు, రచయిత్రి పేరు ఉన్నాయి. కింద ఖాళీ. పుస్తకం ‘పెకాన్ వీధి వంటిళ్లు’. పెకాన్ వీధి అంటే మనదే. రాసింది మూడో ఇంటి హాడ్జెస్ గారు. పదమూడో రోజున నీకు నిమ్మకాయ కేకు తెచ్చి ఇచ్చిన పెద్దావిడ.

ఏప్రిల్ 24లోగా ఇస్తే గిరిజ చివరి జాబితాగా వేస్తారట. పదకొండైనా ఫరవాలేదు, పన్నెండైనా ఫరవాలేదు, మీ ఇష్టమంది కారల్. గిరిజ పనిని సగంలో వదలడం నాకు ఇష్టం లేదు. పన్నెండోది చదివి నేనే రాస్తానన్నాను.

చక్రధర్‌కు, స్రవంతికి ఆశీస్సులు.

వేణుమాధవ్


ఫార్మింగ్టన్ హిల్స్,
మార్చి 15, 2009

బావగారికి నమస్కారాలు.

ఆ డబ్బాల మీద డేట్లు రాసింది అవి పాడవకుండా చూసుకోమని. ఆకలి లేకపోయినా ఆ రోజే తినమని కాదు. అక్క ఉంటే ఎంత నవ్వేదో. రాస్తుంటేనే కళ్లల్లో నీళ్లొస్తున్నాయి, వదిలేస్తాను.

ఇక్కడ ఇంకా మంచే. మా ఆయన ఆఫీస్‌లో మళ్లీ లేఆఫ్‌లు. తన టీమ్‌లో ఆరుగురిని పంపేశారు. తనకి ఏం కాదంటున్నారు గానీ పొద్దున్నే ఐదింటికి లేచి న్యూస్ పెట్టుకుని కూర్చుంటున్నారు. స్రవంతి డ్రైవింగ్ నేర్చుకుంటోంది. పక్క సీట్లో నేనైతే అరుస్తున్నానని వాళ్ల నాన్ననే రమ్మంటోంది.

ఇద్దరం మాట్లాడుకున్నాం. మీరు ఇల్లు అమ్మేసి ఇక్కడికి వచ్చేయండి. కింది గది మీదే. మెట్లెక్కే పని లేదు. ఆ ఊళ్లో ఇండియన్స్ మొత్తం నాలుగు కుటుంబాలు, అందులో ఇద్దరు మోటెల్ వాళ్లు. అక్క లేకుండా మీకు అక్కడ ఎవరున్నారు?

ఇక ఆ జాబితా సంగతి. అక్క ప్రతిసారీ అచ్చుకు ముందు ఆదివారం ఫోన్‌లో నాకు అన్నీ చదివి వినిపించేది, తెలుగులో చెప్పుకుంటూ. ఈసారి ముందుగా, జనవరిలోనే చదివింది. పదకొండే చదివింది. ఎప్పుడూ డజను కదా అంటే, “పన్నెండోది ఈసారి వద్దులే” అంది. అలసిపోయిందేమో అనుకున్నాను. ఇప్పుడు మీ ఉత్తరం చూశాక అనిపిస్తోంది, ఆవిడ కావాలనే వదిలేసింది. తను వద్దనుకున్నది తన పేరు కింద ఎందుకు వేయాలి? పదకొండుతో ఇచ్చేయండి బావగారూ.

మీ మరదలు
ఉమ


అలబామా,
మార్చి 22, 2009

చిరంజీవి ఉమకు,

ఉత్తరం అందింది. వద్దనుకుంటే కార్డు ఎందుకు తీసింది? తీసిన కార్డును ఎందుకు చించలేదు? గిరిజ అక్కర్లేని కాగితం ఉంచే మనిషి కాదు. నాకు ఇది తేలాలి. చదివితే తేలుతుందనుకుంటున్నాను.

పుస్తకం కొన్నాను. నలభై పేజీలు అయ్యాయి. నెమ్మదిగా చదువుతున్నాను, రిపోర్టు చదివినట్టు, పెన్సిల్ పట్టుకుని. మొదటి ముప్పై పేజీలలో పేజీకి ఒక కేకు ఉంది. ఆ తర్వాత హాడ్జెస్ గారి పుట్టింట్లో వంట చేసిన మిస్ ఓడెల్ అనే నల్లజాతి మనిషి గురించి వస్తుంది. ఆవిడ వండిన అన్నం బల్ల మీద అందరూ తినేవారట. ఆవిడ మాత్రం వెనక మెట్టు మీద కూర్చుని తినేదట. ‘ఇది తప్పని నాకు నలభై ఏళ్లు వచ్చేదాకా తోచలేదు. తోచాక అడగడానికి ఆవిడ లేదు’ అని రాసింది. అక్కడ ఆగిపోయాను. మన ఇళ్లల్లో పనివాళ్లకు వేరే గ్లాసులు ఉండేవి. నేనూ ఎప్పుడూ అడగలేదు.

కాలేజీలో పాఠాలు చెప్పినవాణ్ని. అరవై రెండేళ్లకు ఒక పుస్తకం నన్ను ఆపింది. గిరిజకు ఇది వారానికోసారి జరిగేదేమో. చెప్పేది. నేను వినేవాణ్ని కాదు.

పైన్ చెట్ల పుప్పొడి రాలుతోంది. కారు పసుపు పూసినట్టుంది.

మిషిగన్ రావడం గురించి తర్వాత రాస్తాను. చక్రధర్‌ను ఐదింటికి న్యూస్ చూడవద్దని చెప్పు. న్యూస్‌లో అతని పేరు రాదు.

వేణుమాధవ్


ఫార్మింగ్టన్ హిల్స్,
మార్చి 30, 2009

బావగారికి,

నాకు ఒళ్లు మండిపోతోంది. ముందే చెప్తున్నాను.

మీ ఉత్తరం చదివి స్రవంతి ఆ పుస్తకం గురించి ఇంటర్నెట్‌లో వెతికింది. ఏదో పత్రిక వాళ్లు అందులో నాలుగు పేజీలు పెట్టారు. ప్రింట్ తీసి పంపుతున్నాను. 112వ పేజీ చూడండి. నేనే తెలుగు చేసి కింద రాస్తున్నాను, మీకు తప్పించుకునే వీలు లేకుండా:

‘మూల ఇంట్లో ఒక ఇండియన్ దంపతులు ఉండేవారు. వాళ్లింటికి కష్టం వచ్చిందని తెలిసి వీధంతా వండి తీసుకెళ్లాం. పద్నాలుగు డిష్‌లు వెళ్లాయి. ఒక్కటీ తిరిగి రాలేదు. నెల చూశాం, రెండు నెలలు చూశాం. ప్రతి డిష్ అడుగునా ఎవరి పేరు వాళ్లు టేపు మీద రాసే ఉంది, కాబట్టి ఎవరివో తెలియక కాదు. చర్చిలో మాకు అదో కబురైంది. ఇద్దరు కొత్తవి కొనుక్కున్నారు. దాదాపు ఏడాది తర్వాత ఆవిడ ఒక్కరోజే అన్నీ ఇచ్చేసింది. ఎందుకు ఆపిందో మాలో ఎవరికీ అర్థం కాలేదు.’

ఇదా మా అక్క? ఎవరి చెంచా ఒకటి మన ఇంటికి వచ్చినా మర్నాడే కడిగి పంపే మనిషి. ఇరవై రెండేళ్లు ఆ ఊరికి పుస్తకాలు చదివి పెట్టింది. ఆవిడ పేరు కూడా లేదు, ‘ఒక ఇండియన్’. ఇది చదివి మనసు కష్టపెట్టుకునే కదా అక్క ఆ కార్డు ఖాళీగా వదిలేసింది. మీ ప్రశ్నకు జవాబు దొరికిందిగా.

మీరు దానికి పరిచయం రాస్తే, అక్క నోటితో ఆవిడ పరువు మనమే తీసినట్టు. దయచేసి రాయకండి.

ఉమ


అలబామా,
ఏప్రిల్ 5, 2009

చిరంజీవి ఉమకు,

112వ పేజీకి నీ ఉత్తరం కంటే ముందే చేరాను. రాయడం ఆలస్యం చేశాను.

పాత్రల సంగతి నిజమే. పద్నాలుగు కాదు, పదకొండు. వాటిలో తొమ్మిదింటిలో కోడి ఉంది. మనం తినం, పారేయలేం. నా దగ్గర చదివే విద్యార్థులకు పంచాను.

పాత్రను ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని మీ ఇంట్లో నియమం. నీకు తెలిసిందే. ఏదో ఒకటి వేసి ఇవ్వాలి. అశుభం జరిగిన ఇంటి నుంచి ఏడాది తిరిగేదాకా పిండివంట బయటికి పోకూడదని మీ అమ్మగారు ఉత్తరం రాశారు. ఈ రెండు నియమాలూ కలిపి పాటిస్తే పాత్రలు ఏడాది మా దగ్గరే ఉండాలి. గిరిజ అంతే చేసింది. వీధిలోవాళ్లకు ఈ సంగతి చెప్పాలని ఇద్దరికీ తోచలేదు. అందరికీ తెలిసిన మర్యాద అనుకున్నాం. మరుసటి ఉగాది రోజున పదకొండింటి నిండా పులిహోర పెట్టి, పైన వేరుశనగ అచ్చులు పెట్టి, ఇల్లిల్లూ తిరిగి ఇచ్చింది.

హాడ్జెస్ గారు రాసినదానిలో అంకె తప్ప అబద్ధం లేదు. ఆవిడకు కనిపించింది అదే.

నువ్వు ఎవరికీ ఏమీ రాయవద్దు. నేను చూసుకుంటాను.

వేణుమాధవ్


ఫార్మింగ్టన్ హిల్స్,
ఏప్రిల్ 10, 2009

బావగారికి,

మీ ఉత్తరం ఆలస్యంగా వచ్చింది. నేను లైబ్రరీకి ఈమెయిల్ పంపేసి అప్పటికి నాలుగు రోజులైంది. కారల్ గారికే రాశాను. మా అక్క జ్ఞాపకానికి ఇది అవమానం, ఆవిడ పనిచేసిన చోట ఆ పుస్తకానికి గౌరవం చేయడం మా కుటుంబానికి బాధ అని. మర్యాదగానే రాశాను, స్రవంతి చేత ఇంగ్లీష్ దిద్దించి.

మీకు కోపం వస్తుందని తెలుసు. కానీ మీరు ఇంకా వాళ్లనే వెనకేసుకొస్తున్నారు. అది మీ నాన్నగారు పోయిన ఏడాది కదా. మామగారి కోసం మైల పాటిస్తున్న మనిషిని పట్టుకుని డిష్‌ల గురించి చర్చిలో కబుర్లు చెప్పుకున్నారంటే నాకు ఇంకా బాధగా ఉంది. ఒక్కరైనా తలుపు కొట్టి అడిగారా? అడగరు. అక్కడ మీరిద్దరూ ముప్పై ఏళ్లు ఎలా ఉన్నారో నాకు ఇప్పుడు అర్థమవుతోంది.

మా ఆయన నన్ను తిట్టారు. “ఆయన ఊరు, ఆయన భార్య, నీకెందుకే” అన్నారు. నాకు అక్క కాదా?

కోపం వస్తే ఫోన్ చేసి తిట్టండి. ఉత్తరం కోసం ఎదురుచూడలేను.

ఉమ


అలబామా,
ఏప్రిల్ 16, 2009

చిరంజీవి ఉమకు,

కోపం లేదు. అయినా ఇది ఫోన్‌లో చెప్పే విషయం కాదు.

నీ ఈమెయిల్ వచ్చాక, లైబ్రరీలో ఈ ఆదివారం హాడ్జెస్ గారు పుస్తకం నుంచి చదవవలసిన సభను కారల్ రద్దు చేసింది. తలుపుకు అంటించిన కాగితం తీసేశారు. ఎందుకో నాకు పోస్టాఫీసులో చెప్పారు. అందరూ మర్యాదగానే చెప్పారు. ఇక్కడ మర్యాద ఎక్కువైతే ఏదో జరిగిందని అర్థం.

మంగళవారం మధ్యాహ్నం హాడ్జెస్ గారింటికి వెళ్లాను. గిరిజ లేకుండా ఆ వరండా ఎక్కడం అదే మొదటిసారి. ఆవిడకు డెబ్బై తొమ్మిదేళ్లు. చల్లటి తీపి టీ పోసి ఇచ్చింది. మా మరదలు తరఫున క్షమించమన్నాను. అక్క కోసం రాసిన ఉత్తరానికి క్షమాపణ ఎందుకంది. నా గ్లాసు మళ్లీ నింపింది.

అప్పుడు చెప్పింది. “ఆ పేజీ మిస్ గిరిజ చూసింది, డాక్టర్ వేణు. అచ్చుకు వెళ్లకముందే చూసింది.”

“ఏమంది?”

“పద్నాలుగు కాదు, పదకొండంది. పద్నాలుగైతే చదవడానికి బాగుంటుందన్నాను. నవ్వింది.”

ఆ రోజే గిరిజ రెండు నియమాల సంగతి ఆవిడకు చెప్పిందట. ఇరవై ఆరేళ్లకు. ఈవిడ సిగ్గుపడి పేజీ తిరగరాస్తానందట. గిరిజ ఒప్పుకోలేదు. “మీరు చూసింది మీరు రాయండి. నేను చూసింది కలిపితే అది నా పుస్తకం అవుతుంది” అందట. పేరు మాత్రం వేయవద్దందట. జాబితాలో కూడా ఈ పుస్తకం పెట్టలేనేమో అందట. ఎందుకని ఈవిడ అడిగితే చెప్పిన మాటను హాడ్జెస్ గారు నాకు చెప్పడానికి తటపటాయించింది. నేను అడిగాక చెప్పింది.

“జాబితా అచ్చుకు ముందు మా ఆయన చూస్తారు. మన వీధి పేరు కనిపిస్తే పుస్తకం తెరుస్తారు. ఇన్నేళ్లలో ఆ మాట ఆయన ఒక్కసారీ ఎత్తలేదు. చెయ్యి పట్టుకుని ఆ పేజీ దగ్గరికి ఆయన్ని నేను తీసుకువెళ్లలేను.”

ఉమా, ఆ ఏడాది పోయింది మా నాన్న కాదు. నాన్న పోయింది అంతకు ముందు సంవత్సరం. 1982 మార్చిలో మాకు బాబు పుట్టాడు. గుండెలో లోపం ఉందన్నారు. పంతొమ్మిది రోజులు ఉన్నాడు. నీకప్పుడు పద్నాలుగేళ్లు. నీకు చెప్పవద్దని మీ అమ్మగారికి రాసింది నేనే. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తకూడదన్నదీ నేనే. గిరిజకు అదే మంచిదనుకున్నాను. అడగలేదు.

గిరిజ ఆ కార్డు ఖాళీగా వదిలింది హాడ్జెస్ గారి మీద కోపంతో కాదు. నా కోసం.

కార్డు నా బల్ల మీద ఉంది. ఇంకా ఎనిమిది రోజులుంది. రాయగలనో లేదో తెలియదు.

వేణుమాధవ్


ఫార్మింగ్టన్ హిల్స్,
ఏప్రిల్ 20, 2009

బావగారికి,

ఈ ఉత్తరం ఎక్స్‌ప్రెస్‌లో పంపుతున్నాను. మీకు 24 లోపల అందాలని.

మీ ఉత్తరం కార్‌లో కూర్చుని చదివాను, ఇంట్లోకి వెళ్లకుండా. ఆ ఏడాది మార్చి నెల నాకు గుర్తుంది. టెన్త్ పరీక్షలు. అమ్మ వంటింట్లో కూర్చుని ఏడుస్తుంటే ఉల్లిపాయలంది. పక్కన ఉల్లిపాయలు లేవు. నేను చూశాను, అడగలేదు. అంటే మీరు ఒక్కరే కాదు.

కారల్ గారికి మళ్లీ రాశాను. నాది పొరపాటని, ఆ సభ ఇంకో రోజు పెట్టుకోమని. హాడ్జెస్ గారికి వేరే ఉత్తరం రాశాను. స్రవంతి దిద్దుతానంటే వద్దన్నాను.

పరిచయం రాయాలో వద్దో నేను ఇక చెప్పను. నా మాట వినమని గొడవ చేసింది చాలు. ఒక్కటే అడుగుతాను. మన వాళ్ల లెక్కలో ఇరవై ఒకటో రోజు దాకా పేరు పెట్టరు కదా. వాడికి పేరుందా?

ఉమ


అలబామా,
ఏప్రిల్ 26, 2009

చిరంజీవి ఉమకు,

పేరుంది. ఇక్కడ ఆసుపత్రిలో పేరు రాయనిదే బిడ్డను ఇంటికి పంపే కాగితాలు పూర్తి కావు. మన ముహూర్తం సంగతి నర్సుకు చెప్పాను. ఆవిడ పెన్ను పట్టుకుని నిలబడింది. గిరిజ మంచం మీద నుంచి మా నాన్న పేరు చెప్పింది. విశ్వనాథం. ఫారంలో గళ్లు చాలక నర్సు చివరి అక్షరాన్ని గీత అవతల వేసింది. మన లెక్కలో పేరు లేకుండా పోయాడు. వీళ్ల లెక్కలో పేరుంది. ఆ కాగితం గిరిజ దాచిందని తెలుసు. ఎక్కడో అడగలేదు. నిన్న వెతికితే దొరికింది.

పన్నెండో కార్డు పూర్తి చేశాను. గిరిజ పేరు కింద పదకొండు, దాని కింద నా పేరుతో ఒకటి వేయమన్నాను. ఇంగ్లీషులో రాసింది నీకోసం తెలుగులో:

‘ఈ వీధిలో ఇరవై మూడు ఇళ్లున్నాయి. రచయిత్రి ప్రతి వంటింట్లోకీ వెనక తలుపు నుంచి వెళ్తుంది. ఎవరిని బల్ల దగ్గర కూర్చోబెట్టారో, ఎవరిని మెట్టు మీద కూర్చోబెట్టారో దాచలేదు, తనను కూడా వదిలిపెట్టలేదు. అంకెలలో మాత్రం నమ్మదగదు. 112వ పేజీలో మూల ఇల్లు మాది. ఆ ఏడాది మేము పోగొట్టుకున్న బిడ్డ పేరు విశ్వనాథం.’

శుక్రవారం వీక్లీ ఎడిటర్ ఫోన్ చేశాడు. పేజీలో చోటు చాలడం లేదు, ఆఖరి వాక్యం తీసేయవచ్చా, పుస్తకానికి సంబంధించింది కాదు కదా అన్నాడు. వద్దన్నాను. పక్కన ఉన్న ట్రాక్టర్ ప్రకటనను కొంచెం చిన్నది చేయమన్నాను. చేస్తాడట.

జూన్‌లో మీ ఇంటికి వస్తాను. రెండు వారాలు ఉంటాను. కింది గది చాలు. ఇల్లు అమ్మను.

అచ్చుకు ఇచ్చే ముందు గురువారం ఆ కార్డు హాడ్జెస్ గారికి చూపించాను. రెండుసార్లు చదివింది. అంకెల గురించి ఏమీ అనలేదు. అప్పుడు చెప్పింది. ప్రతి మార్చిలో ఒక ఉదయం గిరిజా తనూ కలిసి బాబు సమాధి దగ్గరికి వెళ్లేవారట, ఊరి చివర పాత శ్మశానానికి. నేను కాలేజీకి వెళ్లాక. ఈ మార్చిలో ఆవిడ ఒక్కతే వెళ్లి వచ్చిందట. నాతో ఎలా చెప్పాలో తెలియక చెప్పలేదంది.

నేను అక్కడికి వెళ్లింది ఒకే ఒక్క రోజు. ఆ రోజు వాన. నా చేతుల్లో బరువు తప్ప మరేదీ గుర్తు లేదు.

వచ్చే శనివారం పదింటికి వెళదామంది. కారు నేను తెస్తానన్నాను. దారి తెలుసా అంది. తెలియదన్నాను.

ఆశీస్సులతో,
వేణుమాధవ్